ఎలీసా పద్ధతిలో థ్రాంబిన్‌ను కొలవడం ఎలా?

రక్తం గడ్డకట్టడంలో కీలకమైన ఎంజైము థ్రాంబిన్. ఫైబ్రినోజెన్‌ను ఫైబ్రిన్ పోగులుగా మార్చేది అదే. దాన్ని నేరుగా కొలుద్దామంటే కుదరదు. పుట్టిన కాసేపటికే యాంటీథ్రాంబిన్ అనే ప్రోటీన్ దాన్ని పట్టేస్తుంది. అందుకే ల్యాబుల్లో ఆ రెండూ కలిసిన జంటను ఎలీసాతో, అంటే గుంటలున్న ప్లేటులో యాంటీబాడీలతో పట్టి రంగును బట్టి లెక్కించే పద్ధతిలో, కొలుస్తారు. దీన్ని టీఏటీ (థ్రాంబిన్-యాంటీథ్రాంబిన్) అంటారు. ఆరోగ్యవంతుల్లో ఇది లీటరు ప్లాస్మాకు (రక్తంలో కణాలు తీసేయగా మిగిలే ద్రవం) సుమారు 4 మైక్రోగ్రాముల లోపే ఉంటుంది.

మొత్తం అంత తక్కువ కాబట్టి ఈ పరీక్ష ప్లేటు దగ్గర కన్నా సూది దగ్గరే ఎక్కువగా చెడుతుంది. నరం దొరక్క అటూ ఇటూ గుచ్చితే గాయపడిన కణజాలం సిరంజిలోకి చేరి, అక్కడికక్కడే థ్రాంబిన్ పుడుతుంది. రోగి ఒంట్లో లేని జబ్బు రిపోర్టులో ప్రత్యక్షమవుతుంది. కాబట్టి ఒక్క పోటుతో రక్తం సాఫీగా రావాలి. చేతికి కట్టిన పట్టీ నిమిషం దాటకూడదు. మొదట వచ్చిన కాస్త రక్తం పక్కన పెట్టి, తర్వాతిది తీసుకోండి. రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు హెపారిన్ ఎక్కిస్తున్న గొట్టం నుంచి ఎట్టి పరిస్థితుల్లోనూ తీయవద్దు.

లేత నీలం మూత ఉన్న, రక్తం గడ్డకట్టనివ్వని 3.2 శాతం సిట్రేట్ ట్యూబు వాడాలి. తొమ్మిది వంతుల రక్తానికి ఒక వంతు సిట్రేట్ లెక్క కనుక, గీత దాకా నిండాల్సిందే. నిండగానే ట్యూబును నెమ్మదిగా మూడు నాలుగు సార్లు తలకిందులు చేయండి, కుదపవద్దు. సీరం, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే ద్రవం, దీనికి పనికిరాదు, ఎందుకంటే రక్తం గడ్డకట్టేటప్పుడే బోలెడంత థ్రాంబిన్ పుడుతుంది.

గంటలోపు 1500 జి (భూమ్యాకర్షణకు 1500 రెట్లు) బలంతో 15 నిమిషాలు సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. పైన తేరిన ప్లాస్మాను, కింది తెల్లని పొర కదలకుండా వేరే ప్లాస్టిక్ ట్యూబులోకి తీసి మరోసారి తిప్పితే ఇంకా మంచిది. ఎర్రబారిన ప్లాస్మా వస్తే మళ్లీ రక్తం తీయించడమే.

రోళ్లు పగిలే రోహిణి కార్తెలో ఉదయగిరి నుంచి నెల్లూరుకో, మార్కాపురం నుంచి ఒంగోలుకో రక్తాన్ని బస్సులో పంపడం కన్నా, ప్లాస్మాను అక్కడే వేరుచేసి మైనస్ 70 డిగ్రీల దగ్గర గడ్డకట్టించి, డ్రై ఐస్‌లో పంపడం నయం. రొయ్యల పెట్టెల్లో వేసే మంచు ఇందుకు చాలదు. దారిలో కరిగి మళ్లీ గడ్డకట్టిన నమూనాను నమ్మలేం. పరీక్షకు ముందు 37 డిగ్రీల నీటిలో త్వరగా కరిగించండి.

ఇక ప్లేటు. దాని గుంటల అడుగున థ్రాంబిన్‌ను పట్టుకునే యాంటీబాడీ పూసి ఉంటుంది. కిట్టును ముందే గది వేడికి తెచ్చి, స్టాండర్డులు (టీఏటీ ఎంతుందో తెలిసిన, పోల్చుకునే ద్రావణాలు), కంట్రోళ్లు (పరీక్ష సరిగ్గా నడిచిందో చూపేవి), నమూనాలు ఒక్కొక్కటీ రెండేసి గుంటల్లో వేయండి. కిట్టు కాగితంలో చెప్పినంత సేపు ఉంచి కడగాలి. తర్వాత యాంటీథ్రాంబిన్‌ను పట్టుకునే, పెరాక్సిడేజ్ అనే రంగు తెప్పించే ఎంజైము తగిలించిన రెండో యాంటీబాడీ వేసి మళ్లీ కడగాలి. ఆ జంట ఉన్న చోటే రెండూ నిలుస్తాయి.

కడగడాన్ని తేలిగ్గా తీసుకోకండి. ప్రతిసారీ ప్లేటును బోర్లించి టిష్యూ కాగితం మీద గట్టిగా తట్టండి. గుంటలో చుక్క మిగిలితే రంగు అనవసరంగా పెరుగుతుంది. కడిగే ద్రావణంలో సోడియం అజైడ్ ఉండకూడదు, అది పెరాక్సిడేజ్‌ను పనిచేయనివ్వదు.

పెరాక్సిడేజ్‌తో కలిసి రంగు మారే టీఎంబీ ద్రావణం పోసి చీకట్లో ఉంచితే నీలం రంగు వస్తుంది. సీసాలోనే నీలంగా ఉంటే పారేయండి. ఆమ్లం పోయగానే పసుపు రంగుకు మారుతుంది. బుడగలు లేకుండా చూసి 450 నానోమీటర్ల దగ్గర చదవండి. స్టాండర్డుల గీతతో పోల్చి విలువ రాబట్టాలి. పై స్టాండర్డును దాటిన నమూనాను పలచన చేసి మళ్లీ చేయాలే తప్ప గీతను ఊహించి పొడిగించకూడదు. కంట్రోలు హద్దు దాటితే ఆ ప్లేటు ఫలితాలేవీ ఇవ్వవద్దు.

టీఏటీ పెరగడానికి లోపలి సిరల్లో గడ్డలు, తీవ్రమైన ఇన్ఫెక్షను వంటివి కారణం కావచ్చు. వరి పొలాల్లో రక్తపింజరి కాటు కూడా పెంచుతుంది, దాని విషం గడ్డకట్టే కారకాలను రెచ్చగొడుతుంది కనుక. అయితే కాటు పడిన మనిషికి మందు ఇవ్వడానికి ఈ ఫలితం కోసం ఆగరాదు. అక్కడ మంచం పక్కనే చేసే పరీక్ష ఉంది: కొత్త, పొడి గాజు ట్యూబులో 2 మిల్లీలీటర్ల రక్తం పోసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి వంచి చూడాలి. రక్తం ఇంకా జారుతుంటే, గడ్డకట్టే శక్తి పోయినట్టు.