డంప్ ఫైల్ పడకుండా పదేపదే క్రాష్ అయ్యే కంప్యూటర్: రిపేరు మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు

విండోస్ సిస్టమ్ ఉన్నట్టుండి ఆగిపోతోంది, ఎవరిని అడిగినా మినీడంప్ ఫోల్డర్‌లో (క్రాష్ అయినప్పుడు మెమరీలోని సమాచారంతో విండోస్ రాసే డంప్ ఫైళ్లు ఉండే చోటు) ఏముందో చూపించమంటారు, తీరా తెరిస్తే ఆ ఫోల్డర్ ఖాళీ, ఒక్కోసారి ఫోల్డరే ఉండదు. దాంతో విసుగొచ్చి చాలామంది నేరుగా ఫార్మాట్ కొట్టేస్తారు, లేదంటే కొత్త ర్యామ్ కొనేస్తారు. దయచేసి ఇప్పుడే ఆ రెండూ చేయకండి. డంప్ పడకపోవడం కూడా ఒక ఆధారమే. తప్పు ఏ వైపు ఉందో దాన్ని బట్టి చాలావరకు పట్టుకోవచ్చు. ఫార్మాట్ చేస్తే పాత లాగ్‌లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, లోపం హార్డ్‌వేర్‌లో ఉంటే క్రాష్‌లు ఎప్పటిలాగే వస్తాయి.

అన్నిటికంటే ముందు బ్యాకప్. ఇది మాట వరసకి చెప్పడం లేదు. డంప్ రాయలేకపోవడానికి డిస్క్ పాడవుతుండడం కూడా ఒక కారణం. నడుస్తూ నడుస్తూ ఎస్‌ఎస్‌డీ మాయమైతే విండోస్ కూలిపోతుంది, ఎందుకు కూలిందో రాసుకోవడానికి మాత్రం చోటుండదు. బ్లూ స్క్రీన్ (క్రాష్ అయినప్పుడు విండోస్ చూపే ఎర్రర్ తెర) మీద డంప్ రాసే శాతం సున్నా దగ్గరే కదలకుండా ఉండిపోవడం, రీస్టార్ట్ అయ్యాక బయోస్‌లో (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లో) డ్రైవ్ కనబడకపోవడం, పవర్ పూర్తిగా తీసి పెడితే మళ్లీ కనబడడం, ఇవి కనిపిస్తే ముందు డిస్క్‌నే అనుమానించండి. అలాంటి సిస్టమ్ మీద గంటల తరబడి టెస్టులు నడపకండి. ముఖ్యమైనవి బయటి డిస్క్‌లోకి కాపీ చేసి, దాన్ని ఊడదీసి పక్కన పెట్టాకే మిగతా పని. డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్ ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకోండి, ఎందుకంటే బయోస్ సెట్టింగ్ మార్చాక ఆ కీ అడిగే అవకాశం ఉంది, అప్పుడది లేకపోతే మీ డేటా మీకే అందదు.

ఇప్పుడు తర్వాతి క్రాష్ ఖాళీ చేతులతో పోకుండా సిస్టమ్‌ని సిద్ధం చేయాలి. బ్లూ స్క్రీన్ వచ్చినప్పుడు విండోస్ సాధారణంగా మెమరీలోని సమాచారాన్ని ముందు పేజ్‌ఫైల్‌లో (ర్యామ్‌కి తోడుగా డిస్క్ మీద వాడుకునే ఫైల్‌లో) రాస్తుంది, మళ్లీ బూట్ అయ్యాకే దాన్ని డంప్ ఫైల్‌గా బయటికి తీస్తుంది. కాబట్టి స్పీడు పెరుగుతుందని ఎవరో చెప్తే పేజ్‌ఫైల్ తీసేసినవాళ్లూ, వేరే డ్రైవ్‌కి మార్చినవాళ్లూ దాన్ని తిరిగి సి డ్రైవ్ మీద పెట్టి, సైజు సంగతి సిస్టమ్‌కే వదిలేయండి. తర్వాత అడ్వాన్స్‌డ్ సిస్టమ్ సెట్టింగ్స్‌లో స్టార్టప్ అండ్ రికవరీ తెరిచి, డీబగ్గింగ్ సమాచారం దగ్గర స్మాల్ మెమరీ డంప్ ఎంచుకోండి. ఆటోమేటిక్ రీస్టార్ట్ టిక్కు తీసేయండి, స్క్రీన్ మీద స్టాప్ కోడ్ ఆగి ఉంటే ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు. శాతం కదులుతున్నంతసేపూ పవర్ బటన్ జోలికి వెళ్లకండి. కంగారులో చాలామంది డంప్ రాస్తుండగానే బటన్ నొక్కేస్తారు. డిస్క్ ఖాళీ కూడా చూసుకోవాలి: ఇంట్లో వాడే మామూలు సిస్టమ్‌లో 25 జీబీ కంటే తక్కువ ఖాళీ ఉంటే పెద్ద డంప్‌ని విండోసే తీసేయగలదు, అది ఆపడానికి అదే స్టార్టప్ అండ్ రికవరీలో ఒక టిక్కు ఉంటుంది. క్లీనర్ యాప్‌లు, డిస్క్ క్లీనప్ కూడా చెత్తతో పాటు డంప్‌లను ఊడ్చేస్తాయి, కొన్నాళ్లు వాటిని ఆపండి.

సెట్టింగ్ నిజంగా పనిచేస్తోందా అని తేల్చుకోవాలంటే, డిస్క్ మీద అనుమానం లేనప్పుడు మాత్రమే, మైక్రోసాఫ్ట్ సిస్‌ఇంటర్నల్స్ వాళ్ల నాట్‌మైఫాల్ట్ టూల్‌తో కావాలనే ఒక క్రాష్ చేయించొచ్చు. ముందు తెరిచి ఉన్న ఫైళ్లన్నీ సేవ్ చేసి మూసేయండి. ఈ ఒక్క పరీక్షతో చాలా అయోమయం తీరుతుంది. దీనికి డంప్ పడి, అసలు క్రాష్‌లకు పడకపోతే, సాఫ్ట్‌వేర్ సెట్టింగ్‌ల చుట్టూ తిరగడం ఆపి పవర్, వేడి, ర్యామ్, డిస్క్ వైపు చూడాలి.

విండోస్ తన ఘటనలు రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో, సిస్టమ్ లాగ్‌లోని కెర్నల్ పవర్ 41 అనే ఎంట్రీ చూసి పవర్ సప్లై పోయిందని తేల్చేయకండి, సరిగ్గా షట్‌డౌన్ కాలేదని మాత్రమే దానర్థం. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (అంటే స్టాప్ కోడ్) సున్నా ఉంటే కరెంటు తెగడమో, పూర్తిగా హ్యాంగ్ అవడమో, బ్లూ స్క్రీన్ దాకా వెళ్లకుండానే రీసెట్ అవడమో జరిగి ఉండొచ్చు. సున్నా కాకుండా వేరే అంకె ఉంటే అది దశాంశంలో ఉంటుంది, హెక్స్‌లోకి (16 ఆధారంగా రాసే అంకెల్లోకి) మార్చుకుని వెతకాలి: 159 అంటే 9ఎఫ్, డ్రైవర్ పవర్ స్టేట్‌కి సంబంధించింది. వాల్‌ఎమ్‌జీఆర్ (volmgr) పేరుతో 161 ఉంటే డంప్ రాయబోయి విఫలమైందని అర్థం. డబ్ల్యూహెచ్‌ఈఏ లాగర్ (WHEA-Logger) ఎంట్రీలు కనబడితే హార్డ్‌వేరే తన తప్పు చెప్తోంది, వాటిని వదలొద్దు.

మార్పులు ఒక్కసారికి ఒక్కటే. ర్యామ్‌ని మామూలు కంటే వేగంగా నడిపే ఓవర్‌క్లాక్ ప్రొఫైల్, అంటే బయోస్‌లోని ఎక్స్‌ఎమ్‌పీ లేదా ఎక్స్‌పో, ముందు ఆపి చూడండి, పైసా ఖర్చు లేని పరీక్ష ఇది. తర్వాత ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడపండి, ఒక్క ఎర్రర్ వచ్చినా అది ఎర్రరే. కేసు విప్పేటప్పుడు ప్లగ్ తీసి, పవర్ బటన్ కాసేపు నొక్కి, కేసు లోహాన్ని తాకాక చేయి పెట్టండి. పవర్ సప్లై డబ్బాని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పొద్దు, ప్లగ్ తీశాక కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన చార్జ్ మిగిలి ఉండొచ్చు.

డ్రైవర్లను పరీక్షించే విండోస్ టూల్ డ్రైవర్ వెరిఫైయర్‌ని చివరి ప్రయత్నంగా పెట్టుకోండి. అది డ్రైవర్లను కావాలనే ఒత్తిడికి గురిచేస్తుంది, సిస్టమ్ బూట్ కాకుండా క్రాష్‌ల వలయంలో పడొచ్చు. రిస్టోర్ పాయింట్ పెట్టుకుని, సేఫ్ మోడ్‌లోకి వెళ్లి వెరిఫైయర్ రీసెట్ ఎలా చేయాలో తెలుసుకున్నాకే ఆన్ చేయండి.

చివరికి డంప్ దొరికితే, చూడమని ఎవరికైనా ఇచ్చేటప్పుడు చిన్న మినీడంప్ మాత్రమే ఇవ్వండి. పెద్ద మెమరీ డంప్‌లో పాస్‌వర్డ్‌లు, తెరిచి ఉన్న ఫైళ్ల ముక్కలు ఉండే అవకాశం ఉంది, అది నలుగురికీ కనిపించే చోట పెట్టే ఫైల్ కాదు.