గుట్ట మీది అడవిని లేపుకోవడం, దాని ఆదాయాన్ని సన్నకారు రైతుకు చేర్చడం ఎలా?

హైదరాబాదు నుంచి వికారాబాదు వైపో, యాచారం వైపో వెళ్తుంటే కనిపించే గుట్టలు దూరానికి బోడిగానే ఉంటాయి గాని, ఎక్కి చూస్తే బండల సందుల్లో ఏనాడో నరికిన మోదుగ, తునికి, సీతాఫలం మొద్దులు ఏటా చిగురిస్తూనే ఉంటాయి. ఆ చిగుళ్ళలో కొన్నింటిని మేకలు కొరికేస్తాయి, మిగిలినవి ఎండాకాలపు నిప్పుకు మాడిపోతాయి. అందుకే నర్సరీ మొక్కలకు డబ్బు పెట్టే ముందు ఊరంతా కలిసి ఆ మొద్దులను లెక్కపెట్టాలని నా గట్టి అభిప్రాయం. వేర్లు అప్పటికే లోతుకు దిగి ఉంటాయి కనుక వాటికి నీళ్ళు పోయనక్కరలేదు.

ముందుగా ఆ భూమి బంచరాయో (ఊరి పశువుల మేపుకు వదిలిన ప్రభుత్వ భూమో), అటవీ శాఖదో తేల్చుకోవాలి. అటవీ భూమి అయితే 2006 నాటి అటవీ హక్కుల చట్టం కింద సామూహిక అటవీ వనరుల హక్కు, అంటే ఆ అడవిని ఊరే కాపాడి వాడుకునే హక్కు, కోసం గ్రామసభ ద్వారా దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే గిరిజనేతరులు 2005 డిసెంబరు 13 నాటికి మూడు తరాలుగా, అంటే 75 ఏళ్ళుగా, అడవిని నమ్ముకుని అక్కడే ఉంటున్నట్టు రుజువు చూపాలి. ఆ హక్కు రాని చోట, అటవీ శాఖతో కలిసి అడవిని కాపాడే ఊరి సంఘమైన వన సంరక్షణ సమితి ద్వారా పని చేయాలి. అటవీ భూమిలో అనుమతి లేకుండా కొమ్మ కూడా కొట్టకూడదు.

గొర్రెలు, మేకలు కాసే కుటుంబాలను పిలవకుండా తీర్మానం చేస్తే అది కాగితం మీదే మిగులుతుంది. గుట్టను భాగాలుగా విడదీసి, ఒక భాగాన్ని రెండు మూడు వానాకాలాల పాటు మేపుకు మూసి, అందులోని గడ్డిని కోసుకుపోయే హక్కును ముందుగా ఆ కుటుంబాలకే ఇవ్వాలి.

ఒక్కో మొద్దు చుట్టూ గుంపుగా లేచే పిలకల్లో నిటారుగా, నేలకు దగ్గరగా పుట్టిన రెండు మూడింటిని ఉంచి, మిగతావాటిని పదునైన కత్తితో వాలుగా కోయాలి. కోసినవి వంటచెరకుకు పనికొస్తాయి. లేత తునికాకు కోసం నిప్పు పెట్టే అలవాటును మాన్పించి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పొదలను నేలకు దగ్గరగా కొట్టిస్తే ఆకు బాగా వస్తుంది, పక్కనున్న మొలకలూ బతుకుతాయి. వాలుకు అడ్డంగా కందకాలు తవ్వి, మట్టిని దిగువ వైపు గట్టుగా వేస్తే వాన నీరు ఇంకి, కింది చెల్కల్లోని బావులకు ఊట పెరుగుతుంది. ఈ తవ్వకాన్ని ఉపాధి హామీ పనుల్లో పెట్టించుకోవాలి.

మొక్కలు నాటవలసింది మొద్దులు లేని ఖాళీల్లోనే. ఉసిరి, నేరేడు, కానుగ, చింత చాలు.

ఆదాయం విషయంలో నేను సీతాఫలాన్నే ముందు పెడతాను. దాని ఆకును మేకలు ముట్టవు, రాళ్ళ నేలలోనూ అది కాస్తుంది, కాయ వచ్చే కాలానికి నగరంలో గిరాకీ ఉంటుంది. పచ్చికాయ కోస్తే అది పండకుండా నల్లబడుతుంది, చెట్టు మీదే పండనిస్తే పిట్టల పాలవుతుంది. కాయ మీది కళ్ళ మధ్య గాడులు వెడల్పై, తెల్లబారి లేత పసుపు రంగుకు తిరిగిన రోజే కోయాలి. అప్పటి నుంచి రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది కనుక కోసిన సాయంత్రానికే బండి బయలుదేరాలి. మోదుగాకు పరిచిన గంపల్లో పరిమాణం వారీగా వేరుచేసి, నాలుగైదు కుటుంబాలు కలిసి ఒకే బండిలో హైదరాబాదు శివారులోని బాటసింగారం పండ్ల మార్కెట్టుకు పంపితే కిరాయి తగ్గుతుంది. ఎవరి గంపలు ఎన్నో, ఏ ధర పలికిందో ఆ రాత్రే పుస్తకంలో రాసి అందరికీ చదివి వినిపించాలి. ఈ లెక్క చూసే పనిని కాయ ఏరే ఆడవాళ్ళకే అప్పగించడం మేలు.