పాత కమాను కట్టతో కంప కొట్టే మచ్చు చేసుకోవడం ఎలా?

అనంతపురం వైపు చేలగట్ల మీద కంప చెట్లు ఎంత మొండివో కొట్టినవాళ్ళకు తెలుసు. సంతలో చవగ్గా దొరికే మచ్చుకత్తి అంచు తొందరగా మడతపడిపోతుంది. అదే పాత జీపు కమాను కట్టతో, అంటే బండి కింద కుదుపులు ఆపే స్ప్రింగు ఉక్కు పట్టీతో, చేసింది ఏళ్ళ తరబడి పనికొస్తుంది. కాకపోతే కట్టను కత్తి ఆకారంలో కొట్టినంత మాత్రాన అయిపోదు. కొలిమిలో పెట్టగానే కంపెనీలో దానికి పట్టించిన పదును, అంటే ఉక్కు గట్టిదనం, పోతుంది. దాన్ని మనం మళ్ళీ పట్టించాలి. అసలు పని అదే.

మామూలు మెత్తని ఇనుములో కార్బన్ 0.25 శాతం లోపే ఉంటుంది. స్ప్రింగు ఉక్కులో 0.5 నుంచి 1 శాతం దాకా ఉంటుంది. కమాను కట్టలకు వాడే ఈఎన్ 45 రకంలో సిలికాన్ ఎక్కువ, ఎస్‌యూపీ 9 రకంలో క్రోమియం కలుపుతారు. స్ప్రింగు ఉక్కు వంగదని కొందరు అనుకుంటారు. నిజానికి ఒకే కొలతలో ఉన్న ఇనుప పట్టీ, ఉక్కు పట్టీ కొద్దిపాటి బరువుకు దాదాపు ఒకేలా వంగుతాయి. బరువు పెంచితే ఇనుము వంగినది వంగినట్టే ఉండిపోతుంది, ఉక్కు మళ్ళీ లేస్తుంది. తేడా అంతే.

1. కట్ట ఎంచుకోవడం

44వ నంబరు హైవే పక్కన కర్నూలులోనైనా అనంతపురంలోనైనా పాత ఇనుప సామాన్ల కొట్లలో కట్టలు దొరుకుతాయి. లారీ కట్ట మరీ మందం, కొట్టి కొట్టి చేతులు పడిపోతాయి. 6 నుంచి 8 మిల్లీమీటర్ల మందం ఉన్నది చూడండి. విరిగిన కట్ట వద్దు, ఎంత చవకైనా సరే. ఒకచోట విరిగిందంటే కంటికి కనపడని బీటలు ఇంకోచోట ఉండొచ్చు. నడుమ బోల్టు రంధ్రం చుట్టూ ఉన్న ముక్కనూ వదిలేయండి. అనుమానముంటే గ్రైండరు ఆనించండి: మెత్తని ఇనుమైతే రవ్వలు పొడుగ్గా గీతల్లా పోతాయి, ఉక్కైతే చివర్లో చీలి పూలలా విచ్చుకుంటాయి.

2. మెత్తబరచడం

గ్రీజు, రంగు గీకేసి, ఎర్రగా కాల్చి, పొడి బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేయండి. పొద్దునకల్లా రంపానికీ ఆకురాయికీ లొంగుతుంది.

3. కొట్టడం

నారింజ రంగు వచ్చాక దాగలి మీద పెట్టి కొట్టాలి. ఎరుపు మసకబారితే ఆపి మళ్ళీ కొలిమిలో పెట్టండి, చల్లారిన ఉక్కును కొడితే బీటలిస్తుంది. తెల్లగా మండి రవ్వలు చిమ్మిందంటే ఆ ముక్క కాలిపోయినట్టే, కోసి పారేయాలి. అంచును ఇప్పుడే పలుచన చేయకండి, ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్లు ఉంచండి. ఆకారం వచ్చాక రెండు మూడుసార్లు ఎర్రగా కాల్చి గాలికి చల్లారనిస్తే, సుత్తి దెబ్బలకు లోపల పట్టిన బిగువు పోతుంది.

4. పదును పట్టడం

ఇది సాయంత్రం పూట, నీడలో చేయాల్సిన పని. మన ఎండలో ఉక్కు రంగు కంటికి ఆనదు. అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. సుమారు 770 డిగ్రీల దగ్గర ఉక్కు దానికి అంటుకోవడం మానేస్తుంది. ఆపైన ఇంకొంచెం కాల్చి, వెంటనే గోరువెచ్చటి వేరుశనగ నూనెలో అంచు కిందికి ఉండేలా నిలువుగా ముంచండి. పక్కకు ఊపితే వంకర తిరుగుతుంది. నీళ్ళలో ముంచితే ఈ రకం ఉక్కు పగిలే ప్రమాదం ఎక్కువ. వాడేసిన ఇంజన్ ఆయిల్ పొగ ఊపిరితిత్తులకు మంచిది కాదు. నూనెకు ఇనుప డబ్బా వాడండి, మంట లేస్తే మూయడానికి మూత పక్కనే ఉండాలి. నూలు బట్టలు, బూట్లు, కళ్ళద్దాలు తప్పనిసరి.

ఇప్పుడు ఆకురాయి గీస్తే జారిపోవాలి. జారకపోతే పదును పట్టలేదు, మళ్ళీ కాల్చండి.

5. పెళుసు తగ్గించడం

చాలామంది తొందరపడి వదిలేసేది ఇదే. ఈ దశలో కత్తి గాజులాంటిది, కింద పడినా విరగొచ్చు. ఆలస్యం చేయకుండా గీకి మెరిసేలా చేసి, వీపు వైపు నుంచి నిదానంగా వేడెక్కించండి. ముందు గడ్డి పసుపు, తర్వాత గోధుమ, ఆపైన ఊదా, నీలం రంగులు వరసగా వస్తాయి. అంచుకు ఊదా రంగు చేరగానే, అంటే సుమారు 280 డిగ్రీల దగ్గర, ఆపేయాలి. వీపు అప్పటికి నీలంగా మారినా పర్వాలేదు. వంటింటి కత్తికైతే గడ్డి పసుపు దగ్గరే ఆపొచ్చు, మచ్చు దెబ్బ తినేది కాబట్టి పెళుసు ఇంకా తగ్గాలి.

6. సాన, పిడి

సాన పట్టేటప్పుడు మాటిమాటికీ నీళ్ళలో ముంచండి. గ్రైండరు వేడికి అంచు నీలమైతే అక్కడ పదును పోయినట్టే. పిడికి తుమ్మకర్ర బాగుంటుంది. తర్వాత ఎండుకంప మీద నాలుగు దెబ్బలు వేసి చూడండి. అంచు పెచ్చులూడితే అయిదో పని ఇంకాస్త ఎక్కువ వేడితో చేయాలి. అంచు మడతపడితే మాత్రం నాలుగో పని నుంచి మళ్ళీ మొదలు.