బీరంగూడలో ఇల్లు, సిటీలో ఉద్యోగం: రోజూ ఎలా వెళ్లాలంటే

హైదరాబాద్ శివారు బీరంగూడ వైపు అద్దెకి దిగారా? ఓనర్ "బస్సులకేం సార్, నిమిషానికొకటి" అనే ఉంటాడు. ముంబై హైవే మీద నిలబడ్డవాళ్లకి ఆ మాట కొంతవరకు నిజమే, కానీ కాలనీ లోపల నుంచి హైవే దాకా రావడమే అసలు ప్రయాణం. అక్కడ షేర్ ఆటోనే దిక్కు. వెనక సీటు నిండినా డ్రైవర్ కదలడు, తన పక్కన ఇంకొకరు ఇరుక్కోవాలి. ఆ పది నిమిషాలు ముందే లెక్కలో వేసుకోండి, చిల్లర జేబులో ఉంచుకోండి.

హైవే మీదకొచ్చాక కోఠికైతే 218, సికింద్రాబాద్‌కైతే 219. రెండూ పటాన్‌చెరు నుంచే నిండిపోయి వస్తాయి కాబట్టి పొద్దున ఎనిమిదిన్నరకి బీరంగూడ కమాన్ (హైవే మీది ఆర్చి) దగ్గర సీటు మీద ఆశ పెట్టుకోకండి. నేనైతే మియాపూర్ దాకానే బస్సు, అక్కడి నుంచి మెట్రో. ఎల్బీనగర్ వెళ్లే రెడ్ లైన్ మియాపూర్‌లోనే మొదలవుతుంది, కూర్చుని కింద కూకట్‌పల్లి ట్రాఫిక్ చూస్తూ పోవచ్చు. ఉప్పల్, నాగోలు వాళ్లు అమీర్‌పేటలో బ్లూ లైన్‌కి మారాలి.

హైటెక్ సిటీకి మాత్రం మెట్రో వద్దు, అమీర్‌పేట దాకా పోయి మళ్లీ వెనక్కి రావాలి. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ (సిటీ లోకల్ ట్రైన్) ఎక్కండి, చందానగర్, హఫీజ్‌పేట దాటితే హైటెక్ సిటీయే. అయితే ఈ స్టేషన్ వేరు, మెట్రో స్టేషన్ వేరు, మధ్యలో ఆటో కావాల్సినంత దూరం. కొత్తలో నేనూ నా ఫ్రెండూ ఇద్దరం "హైటెక్ సిటీ స్టేషన్ దగ్గరే ఉన్నా" అని ఫోన్‌లో అరగంట అరుచుకున్నాం!

ఎంఎంటీఎస్ ఒకటి తప్పిందంటే తర్వాతది ఎప్పుడో, అందుకే బయల్దేరే ముందు ఫోన్‌లో ట్రైన్ ఎక్కడుందో చూసుకోండి. రోజూ వెళ్లేవాళ్లు నెల సీజన్ టికెట్ తీసుకుంటే చాలా చవక, క్యూ బాధా ఉండదు.

ఆడవాళ్లకి 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం, కండక్టర్‌కి ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకోవాలి. ఆధార్‌లో తెలంగాణ అడ్రస్ ఉండాలి, విజయవాడ నుంచో కర్నూలు నుంచో వచ్చినవాళ్లు ముందు అది మార్పించుకోండి. మెట్రో డీలక్స్ బస్సు ఎక్కితే మాత్రం డబ్బులు కట్టాల్సిందే.

రాత్రి బాగా లేటైతే కమాన్ దగ్గర షేర్ ఆటోలు పలచబడతాయి, ఇంట్లో ఎవరికైనా బండి ఉంటే మియాపూర్‌లో బస్సెక్కగానే ఫోన్ చేయండి.