ప్యాడిల్ షిఫ్టర్లు: ఎడమది నేర్చుకుంటే చాలు

కొత్త కారు ఇంటికొచ్చిన వారం రోజులు స్టీరింగు వెనకుండే గేరు మీటలు, అంటే ప్యాడిల్స్, టకటకలాడించి, మైలేజీ పడిపోతోందని వదిలేసేవాళ్లే ఎక్కువ. ఆ తర్వాత అవి ఉన్నాయన్న సంగతే గుర్తుండదు. కానీ ఆటోమేటిక్ గేరుబాక్సుకు కళ్లు లేవు. మీ కాలు ఎంత నొక్కింది, బండి ఎంత వేగంలో ఉంది అన్నది చూసి గేరు వేసుకుంటుంది. ఎదురుగా మలుపుందో, దిగుడుందో, గ్రానైటు రాళ్ల లారీ ఉందో దానికి తెలీదు. ఆ ముక్క ముందుగా చెప్పడానికే ప్యాడిల్స్.

ఎడమ చేతి దగ్గరిది మైనస్, గేరు తగ్గిస్తుంది. కుడిది ప్లస్, పెంచుతుంది. పెంచే పని గేరుబాక్సు తనంతట తాను బాగానే చేసుకుంటుంది కాబట్టి, మీ వేలికి పని ఎక్కువగా ఎడమవైపే.

ముందు మీ బండిలో ఏముందో చూసుకోండి

బ్రెజా, ఎర్టిగా ఆటోమేటిక్‌లలో ఆరు గేర్ల టార్క్ కన్వర్టర్ (ఇంజను ఊపును ఆయిల్ ద్వారా అందించేది) ఉంటుంది. క్రెటా టర్బో పెట్రోలు, విర్టస్ 1.5 లాంటి వాటిలో ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్, అంటే రెండు క్లచ్‌లతో గేర్లు మార్చేది. హోండా సిటీలో సీవీటీ. సీవీటీలో అసలు గేర్లే ఉండవు. బెల్టు, పుల్లీలు ఉంటాయి. ప్యాడిల్ నొక్కినప్పుడు కంప్యూటరు ఏడు మెట్లుగా విడగొట్టి చూపిస్తుంది. ఏఎంటీ (మామూలు గేరుబాక్సుకే క్లచ్, గేర్లు యంత్రం వేసే రకం) కార్లు చాలావాటిలో ప్యాడిల్స్ ఉండవు, లివరును పక్కకు నెట్టి ప్లస్, మైనస్ వేయాలి. కింద చెప్పేది చాలావరకు దానికీ వర్తిస్తుంది. ఎలక్ట్రిక్ కార్లలో, హోండా సిటీ హైబ్రిడ్‌లో ప్యాడిల్స్ కనిపిస్తే అవి గేర్లు కావు. కాలు తీసినప్పుడు మోటారు బండిని ఎంత గట్టిగా పట్టి ఆపాలో, బ్యాటరీకి ఎంత కరెంటు పంపాలో అవి చెబుతాయి. వాటితో ఒక చిక్కుంది: బ్యాటరీ పూర్తిగా నిండి ఉంటే ఆ పట్టు తగ్గిపోతుంది. కొండమీద వంద శాతం చార్జింగ్ పెట్టుకుని దిగడం మొదలుపెట్టకండి.

స్పోర్ట్ మోడ్ వేస్తే ఇంజను బలం పెరగదు. యాక్సిలరేటరు అదే కాస్త నొక్కినా స్పందన ఎక్కువ ఉంటుంది, గేరు మారడం ఆలస్యమవుతుంది, కొన్ని కార్లలో స్టీరింగు కూడా బరువెక్కుతుంది. మామూలు డి (డ్రైవ్) లో 2,000 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజను తిరిగే చుట్లు) దగ్గర పై గేరుకు పోయేది ఎస్ (స్పోర్ట్) లో 3,000 దాటేదాకా పట్టుకుంటుంది. ఆ మేరకు పెట్రోలు తాగుతుంది. నెల్లూరు ట్రంకు రోడ్డు మీద, ఒంగోలు బస్టాండు దగ్గర ఎస్ వేసుకుని తిరగడం డబ్బు దండగ; కాలు కదిపితే చాలు బండి ఎగిరిపడి, వెనక సీట్లో పెద్దవాళ్లకు నడుము నొప్పి.

ఒక తేడా గుర్తుంచుకోవాలి. డి లో ఉండి ప్యాడిల్ నొక్కితే మాన్యువల్ తాత్కాలికమే. కొద్ది సెకన్లు ఒకే తీరున నడిపితే మళ్లీ డి లోకి వెళ్లిపోతుంది. చాలా కార్లలో ప్లస్ ప్యాడిల్‌ను ఒకటి రెండు సెకన్లు పట్టుకుంటే వెంటనే వెళుతుంది. లివరును ఎస్ లోకో ఎమ్ (మాన్యువల్) లోకో మార్చి ప్యాడిల్ వాడితే మీరు చెప్పేదాకా చాలావరకు అదే గేరు. ఘాట్‌కు ఇదే కావాలి.

అలవాటుకు ఒక పొద్దున, ఖాళీ రోడ్డు మీద, డి లో 60 దగ్గర నిలకడగా వెళుతూ ఎడమది ఒక్కసారి నొక్కండి. 1,500 దగ్గరున్న ఆర్‌పీఎం ముల్లు 2,000 దాకా లేస్తుంది. ఇప్పుడు కాలు తీయండి. బ్రేకు లేకుండానే బండిని ఎవరో వెనక్కి పట్టుకున్నట్టుంటుంది. ఇంకోసారి నొక్కండి, పట్టు ఇంకా బిగుస్తుంది. వేగం ఎక్కువగా ఉన్నప్పుడు మరీ కింది గేరు అడిగితే కంప్యూటరు ఒప్పుకోదు, బీప్ కొడుతుంది. ఇంజను కాపాడుకోవడానికే అది. పాడైందని షోరూముకు పరిగెత్తనక్కర్లేదు.

రాళ్ల లారీని దాటడం

వెడల్పైన 16వ నంబరు హైవే మీద నాయుడుపేట నుంచి ఒంగోలు దాకా ప్యాడిల్‌తో పెద్ద పని పడదు. పని పడేది రెండు వరుసల రోడ్ల మీద. ఒంగోలు నుంచి పొదిలి వైపు పోతుంటే చీమకుర్తి దగ్గర గ్రానైటు బ్లాకులు వేసుకున్న లారీ 30లో పాకుతుంటుంది. దాని వెనక మీ కారు పెట్రోలు ఆదా కోసం మూడో గేరులో, 1,400 ఆర్‌పీఎంలో కునికిపాట్లు పడుతుంటుంది. ఎదురు రోడ్డు ఖాళీ అయింది కదా అని పెడల్ పూర్తిగా తొక్కితే, గేరుబాక్సు ఆలోచించుకుని, గేరు తగ్గించి, ఇంజనుకు గాలి నెట్టే టర్బో లేచేసరికి సెకను పైనే పోతుంది. ఆ సెకను మీరు ఎదురు వరుసలో ఉండి పోగొట్టుకుంటారు.

అందుకే వరస ఇలా పెట్టుకోండి. లారీకి మరీ అంటుకోకుండా, ఎదురు రోడ్డు కనిపించేంత దూరంలో ఉండండి. ఎదురుగా వచ్చే చివరి బండి ఇంకా మిమ్మల్ని దాటకముందే ఎడమది ఒకటి నొక్కి రెండో గేరులోకి రండి. ముల్లు 2,200 దగ్గర నిలబడుతుంది, టర్బో మేలుకుంటుంది. ఆ బండి దాటింది, అద్దం చూశారు, ఇండికేటరు వేశారు. ఇక తొక్కగానే లాగుతుంది. పై గేరు సంగతి దానికే వదిలేయండి. 80లో, ఆరో గేరులో పోతూ బస్సును దాటాలంటే ఎడమది రెండుసార్లు: 1,800 నుంచి 2,900 చుట్టుపక్కలకు వస్తుంది.

డీజిలు బండిని 4,000 దాటించి అరిపించడం వల్ల లాభం లేదు, దాని లాగుడంతా 1,750 నుంచి 2,750 మధ్యలోనే. దానికి ఒక్క గేరు తగ్గిస్తే సరిపోతుంది.

ఘాట్ దిగేటప్పుడు

దోర్నాల నుంచి శ్రీశైలం, గిద్దలూరు నుంచి నంద్యాల, రాపూరు నుంచి చిట్వేలి: ఈ మూడింటిలో ఏది దిగినా డి లో వదిలేస్తే బండి పై గేరుకు పోయి జారుతూనే ఉంటుంది, మీరు బ్రేకు తొక్కుతూనే ఉంటారు. పది నిమిషాలకు కాలిన వాసన వస్తుంది. బ్రేకు ప్యాడ్లు వేడెక్కి పట్టు తగ్గుతుంది. బ్రేకు ఆయిల్ పాతదై నీళ్లు చేరి ఉంటే అది మరిగి పెడల్ స్పాంజిలా లోపలికి పోతుంది. ఆ దశకు చేరాక ప్యాడిల్ నేర్చుకునే టైముండదు.

లారీ డ్రైవర్ల పాత లెక్క ఇక్కడా పనికొస్తుంది: ఎక్కిన గేరులోనే దిగాలి. ఎక్కేటప్పుడు మీటరులో ఏ అంకె ఎక్కువసేపు కనిపించిందో చూసి పెట్టుకోండి. దిగుడు మొదలయ్యే ముందే ఎమ్ లోకి మార్చి, మూడో గేరులో 40 లోపు, హెయిర్‌పిన్ మలుపుల దగ్గర రెండో గేరులో 20 నుంచి 30. ముల్లు 3,000, 3,500 చూపించినా భయపడొద్దు. శబ్దం పెద్దదే కానీ ఆ సమయంలో ఇంజెక్టర్లు పెట్రోలు ఆపేస్తాయి. తక్షణ మైలేజీ చూపే కారైతే ఆ గీత చివరి అంకెకు వెళ్లి అక్కడే నిలబడుతుంది, చూడండి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దించేవాళ్లు ఇంకా ఉన్నారు. న్యూట్రల్‌లో ఇంజను తిరగడానికి పెట్రోలు కావాలి, పైగా బండిని పట్టేది ఏమీ ఉండదు. రెండు విధాలా నష్టమే.

గేరు తగ్గించినా వేగం పెరుగుతుంటే బ్రేకును గట్టిగా, కొద్దిసేపు తొక్కి పది కిలోమీటర్ల వేగం దించి వదిలేయండి. సన్నగా తొక్కి పట్టుకుని ఉంటేనే ప్యాడ్లు కాలేది.

గేరు మార్పు మలుపుకు ముందే అయిపోవాలి. ప్యాడిల్స్ చాలా కార్లలో స్టీరింగుతోపాటే తిరుగుతాయి. హెయిర్‌పిన్ మధ్యలో చక్రం తిరగేసి ఉన్నప్పుడు ఏది ఎడమో ఏది కుడో చేతికి తెలీదు, మైనస్ అనుకుని ప్లస్ నొక్కుతారు. కార్తీక మాసంలో శ్రీశైలం పోయేవాళ్లకు ఇంకొక సంగతి: మన వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలే. తడి రోడ్డు మీద మలుపులో ఒకేసారి రెండు గేర్లు దించితే ముందు చక్రాలు పట్టు తప్పుతాయి. వానలో స్పోర్ట్ మోడ్ వద్దు; ఒక్కో గేరే, అదీ నేరుగా ఉన్న చోట.

ఎక్కేటప్పుడు డ్యూయల్ క్లచ్ వాళ్లకు మాత్రం జాగ్రత్త. లారీ వెనక అంగుళం అంగుళం పాకితే, లేదా ఎత్తు మీద బ్రేకు వేయకుండా యాక్సిలరేటరుతోనే బండిని నిలబెడితే క్లచ్ వేడెక్కుతుంది. ఎండాకాలం అయితే మరీ. ముందు రెండు కార్ల దూరం వదిలి, ఖాళీ వచ్చాక ఒక్క ఊపున వెళ్లి ఆగండి. ఎమ్ లో ఒకటో గేరు పట్టి ఉంచితే ఒకటికీ రెండుకీ మధ్య ఊగులాట ఉండదు. గేరుబాక్సు వేడి హెచ్చరిక వస్తే పక్కకు తీసి, పి (పార్కింగ్) లో వేసి, ఇంజను ఆపకుండా హెచ్చరిక పోయేదాకా ఆగండి.

కుడి ప్యాడిల్‌కూ ఒక పనుంది. మైపాడులోనో కొత్తపట్నంలోనో ఇసుక అంచున బండి నిలిచిపోతే, ఎమ్ లో ఉంచి కుడిది ఒకసారి నొక్కండి. చాలా టార్క్ కన్వర్టర్ కార్లు రెండో గేరులో కదలడానికి ఒప్పుకుంటాయి. చక్రానికి ఊపు తక్కువ అందుతుంది కాబట్టి గిర్రున తిరగదు. అయినా తిరిగిందంటే వెంటనే కాలు తీసేయండి. ఇంకా తొక్కితే ఇరుసు దాకా దిగబడుతుంది. అప్పుడిక గేర్లతో పనిలేదు, టైరు ముందు ఇసుక తోడి కిందకు గోనెపట్టా తొయ్యాల్సిందే.