మారుతి 800 కారులో పెద్ద ఇంజిన్ ఎక్కించే ముందు

"జెన్ ఇంజిన్ దొరికిందన్నా, 800కి ఎక్కిస్తున్న" అని మొన్న దేవరకొండ నుంచి మా చిన్నమ్మ కొడుకు ఫోన్ చేశాడు. కొన్నావా అంటే కొన్నానన్నాడు, పైసలు కూడా ఇచ్చేశాడట. తప్పు అక్కడే జరిగింది. ఈ పనిలో ఇంజిన్ అన్నిటికన్నా చివర కొనాల్సిన సామాను. ముందు కాగితాలు, ఆ తర్వాత బ్రేకులు, రేడియేటర్, గేర్‌బాక్స్, ఇవన్నీ తేలాకే ఇంజిన్.

ఆశ ఎందుకు పుడుతుందో నాకు తెలుసు. 800 అంటే 796 సీసీ, మూడు సిలిండర్లు, 37 హార్స్‌పవర్. అదే మారుతి వాళ్ల జెన్ 993 సీసీ, నాలుగు సిలిండర్లు, 50. వాళ్లదే ఎస్టీమ్ అయితే 1298, కార్బొరేటర్ బదులు కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే ఎంపీఎఫ్ఐ వచ్చాక 85. బండి చూస్తే 650 కిలోలు అటూ ఇటూ. ఈ లెక్క వేసుకున్నవాడికి ఆ రాత్రి నిద్ర పట్టదు. నాకూ పట్టలేదు, నా ఏపీ 24 నంబరు 800కి ఎస్టీమ్ ఇంజిన్ ఎక్కించి గానీ ఊరుకోలేదు.

ముందు ఆర్సీ తీసి చూడండి, ఇంజిన్ నంబరు, సీసీ రెండూ అందులో ఉంటాయి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ కింద ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదంటే రెండూ. పాడైన ఇంజిన్ తీసేసి అదే కంపెనీ, అదే రకం ఇంజిన్ వేసుకోవడం వేరే సంగతి, ఆర్టీఏ అనుమతి తీసుకుని కొత్త నంబరు ఎక్కించుకోవచ్చు. పైగా మన దగ్గర 800లు దాదాపు అన్నీ 15 ఏళ్లు దాటినవే, రెన్యువల్‌కి పోతే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ బానెట్ ఎత్తి చూసేది ఆ నంబరే. రేపు యాక్సిడెంట్ అయితే క్లెయిమ్ ఎగ్గొట్టడానికి ఇన్సూరెన్స్ వాళ్లకి ఇంతకన్నా మంచి సాకు దొరకదు.

కాబట్టి రోజూ రోడ్డెక్కే బండి అయితే ఇక్కడే ఆగి, దాన్ని అమ్మి, పెద్ద ఇంజిన్‌తోనే తయారైన బండి కొనుక్కోండి. అన్నీ కలిపి చూస్తే అదే చవక. సొంత జాగాలో తిప్పుకునేవాళ్లకి, ట్రైలర్ మీద పోటీలకి తీసుకెళ్లేవాళ్లకి మాత్రమే మిగతాది.

నాకు బుద్ధి వచ్చింది శ్రీశైలం ఘాట్‌లో. అప్పటికి ఈ సెక్షన్లేవీ నాకు తెలియవు, మన్ననూరు నుంచి పికప్ చూసుకుని మురిసిపోతూ వెళ్లా. ఈగలపెంట దాటి డ్యామ్ వైపు దిగుతుంటే మూడో మలుపు దగ్గర కాలిన వాసన, నాలుగో మలుపుకి పెడల్ మెత్తగా లోపలికి పోయింది. రెండో గేరులో పడేసి, హ్యాండ్‌బ్రేక్ గుంజి, కొండ వైపు మట్టిలోకి ఎక్కించి ఆపా. పక్క సీట్లో ఉన్న మా బావ ఆ తర్వాత అరగంట మాట్లాడలేదు, ఇప్పటికీ ఆ బండి పేరెత్తితే లేచి వెళ్లిపోతాడు. జరిగింది ఏంటంటే, ఇంజిన్ మార్చా గానీ బ్రేకులు 37 హార్స్‌పవర్ నాటివే. వేగం 60 నుంచి 85కి పెరిగితే ఆపడానికి బ్రేకులు మింగాల్సిన వేడి రెట్టింపు అవుతుంది. పైగా బ్రేక్ ఆయిల్ ఏళ్ల తరబడి మార్చలేదు, అది గాలిలో తేమని పీల్చుకుని తొందరగా మరుగుతుంది, మరిగితే పైపులో ఆవిరి, కాలి కింద ఏమీ ఉండదు. డిస్కులు, ప్యాడ్లు, వెనక డ్రమ్ములు, టైర్లు, కొత్త ఆయిల్, ఈ ఖర్చంతా పెట్టాకే ఇంజిన్ మాటెత్తండి. ముందు భాగం బరువు పెరుగుతుంది కాబట్టి స్ప్రింగులు కూడా చూసుకోవాలి.

తర్వాత వేడి. మే నెలలో మన దగ్గర 45 డిగ్రీలు కొత్త కాదు, మూడు సిలిండర్లకి సరిపోయిన రేడియేటర్ నాలుగింటికి చాలదు. పెద్ద రేడియేటర్, ఫ్యాను, కొత్త హోస్ పైపులు వేయించండి, అందులో బోరు నీళ్లు మాత్రం పోయకండి. మన బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా ఏం పేరుకుంటుందో ఇంట్లో ఆడవాళ్లని అడగండి, అదే రేడియేటర్ సందుల్లో పేరుకుంటుంది. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, అంతే.

ఇక ఇంజిన్. బిల్లు లేకుండా స్క్రాప్‌లో ఇంజిన్ కొనొద్దు, ఎంత చవకైనా సరే. బ్లాకు మీద నంబరు గీకి ఉంటే ముట్టుకోకుండా వచ్చేయండి, దొంగ బండిది అయితే పోలీసులు అడిగేది మిమ్మల్నే. ఆయిల్ మూత తీస్తే పాలమీగడలాంటిది కనిపిస్తే నీళ్లు కలిశాయన్నట్టు. సిలిండర్‌లో ఒత్తిడి కొలిచే కంప్రెషన్ గేజ్ పెట్టించి నాలుగు సిలిండర్లూ చూడండి, ఒకదానికీ ఇంకోదానికీ పది శాతం దాటి తేడా ఉంటే వద్దు. బయట ఉన్నప్పుడే టైమింగ్ బెల్ట్, వాటర్ పంపు, ఆయిల్ సీళ్లు, క్లచ్ ప్లేటు మార్పించండి, తర్వాత మళ్లీ దించాలంటే కూలీ డబుల్. గేర్‌బాక్స్ కూడా ఆ ఇంజిన్‌దే తీసుకోండి. పాతదాన్ని కలిపితే కొన్నాళ్లు లాగుతుంది, ఆ తర్వాత పళ్లు రాలతాయి.

వైరింగ్ ముక్కలు చేసి టేపు చుట్టే ఉస్తాద్ దొరికితే దండం పెట్టి వచ్చేయండి. కంప్యూటర్, సెన్సర్లు, వైరింగ్ మొత్తం ఒకే బండి నుంచి తెచ్చుకోవాలి. కార్బొరేటర్ బండి పెట్రోలు పైపులో ఒత్తిడి నామమాత్రం, ఎంపీఎఫ్ఐకి దాదాపు మూడు బార్ కావాలి, పాత రబ్బరు పైపు అక్కడ పిచికారీ అయిపోతుంది. కింద వేడి సైలెన్సర్. సీటు పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకోమని నేను చెప్పేది అందుకే.

దించే రోజు బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీసేయాలి. బండి జాకీ మీద ఉండగా కిందికి దూరొద్దు, స్టాండ్లు పెట్టాలి. వేప కొమ్మకి చైన్ పుల్లీ కట్టి దించడం మన ఊళ్లలో అలవాటే గానీ, ఆ కొమ్మ ఎంత మోస్తుందో ఎవడికీ తెలియదు, ఎనభై తొంభై కిలోల బరువు జారితే కాలు మిగలదు. చెయ్యి గానీ తల గానీ దాని కిందికి పోకూడదు, "ఏం గాదు పట్టు" అనేవాడి మాట అసలు వినొద్దు.

ఎక్కించాక స్పార్క్ ప్లగ్గులు తీసి, పెట్రోలు రాకుండా పంపు కనెక్షన్ పీకి, ఆయిల్ లైటు ఆరే దాకా సెల్ఫ్ కొట్టండి, తర్వాతే స్టార్ట్. యాభై కిలోమీటర్లు తిరిగాక ఇంజిన్‌ని బండికి పట్టి ఉంచే ఫౌండేషన్ బోల్టులన్నీ మళ్లీ బిగించాలి. నా బండిలో రెండు వదులయ్యాయి.

మా తమ్ముడి ఇంజిన్ ప్రస్తుతం పశువుల కొట్టంలో గోనెసంచి కింద ఉంది. బిల్లు ఇమ్మని అమ్మినతన్ని వారం నుంచి అడుగుతున్నాడు, రేపు రేపు అంటున్నాడట.