పెండింగ్ లావాదేవీలు ముందే బయటపడకుండా వేలిడేటర్ నెట్‌వర్క్‌లో ఎన్‌క్రిప్షన్ ఏర్పాటు చేయడం ఎలా?

బ్లాక్‌చెయిన్‌లోకి పంపిన లావాదేవీ నేరుగా బ్లాక్‌లోకి వెళ్లదు. ముందు మెంపూల్‌లో, అంటే ఇంకా బ్లాక్‌లో చేరని లావాదేవీల నిల్వలో, వేచి ఉంటుంది. అక్కడున్నంతసేపూ అది పోస్టుకార్డు లాంటిది. చేతులు మారిన ప్రతిచోటా చదువుకోవచ్చు. లావాదేవీలను సరిచూసి, బ్లాక్‌లు కట్టి, వాటికి ఓటు వేసేవారిని వేలిడేటర్లు అంటారు. బ్లాక్ కట్టే వేలిడేటర్‌కు చదవడమే కాదు, దాని ముందు ఏది పెట్టాలో, వెనక ఏది పెట్టాలో నిర్ణయించే వీలు కూడా ఉంటుంది.

దీనివల్ల జరిగే నష్టం ఎంతో ఒక లెక్కతో చూద్దాం. ఒక మార్పిడి పూల్‌లో 1,000 'క' నాణేలు, 10,00,000 'చ' నాణేలు ఉన్నాయి. రెండు నిల్వల లబ్ధం మారకూడదన్నది పూల్ నియమం. మీరు 50,000 'చ' ఇస్తే 47.62 'క' రావాలి. మీ లావాదేవీని ముందే చదివినవాడు తానూ 50,000 'చ'తో మీకంటే ముందు కొంటాడు. ధర పెరిగి మీకు 43.29 మాత్రమే వస్తాయి. ఆ వెంటనే అతను తన 47.62 'క'ను అమ్మి 54,751 'చ' తీసుకుంటాడు. రుసుములు పక్కన పెడితే లాభం 4,751. మీరు 10 శాతం వరకు ధర తేడాకు ఒప్పుకుని ఉంటే మీ లావాదేవీ రద్దు కూడా కాదు. దీన్నే శాండ్‌విచ్ దాడి అంటారు.

పరిష్కారం సీల్డ్ టెండర్ల పద్ధతే. కవర్లు ముందు వరుసలో చేరాలి, వరుస ఖాయం కావాలి, ఆ తర్వాతే సీలు విప్పాలి. ఇక్కడ విప్పే అధికారి ఒక్కడు కాదు. కీ ముక్కలు వేలిడేటర్లందరి దగ్గరా ఉంటాయి. నిర్ణీత సంఖ్యలో ముక్కలు కలిస్తేనే కవరు తెరుచుకుంటుంది. ఆది షమీర్ 1979లో చూపిన రహస్య విభజన పద్ధతి దీనికి పునాది.

మొదలుపెట్టే ముందు చూడాల్సింది

మీ చైన్‌లో బ్లాక్ ఎప్పుడు ఖాయమవుతుందో ముందు చూసుకోండి. వేలిడేటర్ల ఓట్లతో ఏకాభిప్రాయం కుదిర్చే కామెట్‌బీఎఫ్‌టీ లాంటి వ్యవస్థల్లో మూడింట రెండు వంతులకు మించిన ఓట్లు పడగానే బ్లాక్ ఖాయం. ఇక వెనక్కి పోదు. ఈ వ్యాసం అలాంటి చైన్ల కోసమే. ఈథీరియంలో ఒక స్లాట్ 12 సెకన్లు, 32 స్లాట్లు ఒక ఎపాక్. పూర్తిగా ఖాయం కావడానికి మామూలుగా రెండు ఎపాక్‌లు, అంటే దాదాపు 12.8 నిమిషాలు పడుతుంది. అంతసేపు ఆగి కవరు విప్పితే వాడేవారికి విసుగు. ఆగకుండా విప్పితే బ్లాక్ వెనక్కి పోయినప్పుడు రహస్యం బయటపడిపోతుంది. అందుకే అక్కడ ఇదే డిజైన్‌ను ఉన్నదున్నట్టు దించుకోలేం.

కామెట్‌బీఎఫ్‌టీ అయితే 0.38 లేదా ఆ తర్వాతి వెర్షన్ కావాలి. ఓటుతో పాటు అదనపు సమాచారం పంపే ఓట్ ఎక్స్‌టెన్షన్ సదుపాయం అందులో వచ్చింది. కీ ముక్కలు ప్రయాణించేది దానిమీదే.

1. ఎన్ని ముక్కలు కలిస్తే తెరుచుకోవాలి?

100 మంది సమాన బలమున్న వేలిడేటర్లలో 33 మంది వరకు మోసం చేసినా ఏకాభిప్రాయం నిలబడుతుంది. కనీస సంఖ్యను 34 దగ్గర పెడితే 34 మంది కుమ్మక్కై ఎప్పుడైనా కవర్లు విప్పుకోవచ్చు. 80 దగ్గర పెడితే 21 యంత్రాలు ఆగినా కవర్లు తెరుచుకోవు, చైన్ నిలిచిపోతుంది. 67 సరైన చోటు. ఏకాభిప్రాయానికి ఎంతమంది కావాలో తెరవడానికీ అంతమందే కావాలి. నలుగురే ఉన్న నెట్‌వర్క్‌లో ఆ సంఖ్య 3.

అందరి స్టేక్ (హామీగా పెట్టిన నాణేలు; ఓటు బలం దీన్ని బట్టే) సమానంగా ఉండదు కాబట్టి మొత్తం 1,024 ముక్కలు చేసి స్టేక్ నిష్పత్తిలో పంచండి. పంచేటప్పుడు భిన్నాలను సర్దడం వల్ల ఒకరి ముక్కల శాతం, ఓటు శాతం కొద్దిగా తేడా పడతాయి. ఆ తేడా నాలుగో దశలో ముఖ్యమవుతుంది. ఇక ముందు లెక్కల్లో మాత్రం సులువు కోసం ఒక్కొక్కరికి ఒక్క ముక్క చొప్పున 100 ముక్కలే అనుకుందాం. ఇంకొకటి: ముగ్గురు వేలిడేటర్ల దగ్గరే 67 శాతానికి పైగా స్టేక్ ఉంటే ఈ ఎన్‌క్రిప్షన్ ఆ ముగ్గురి నుంచి ఎవరినీ కాపాడదు. అలాంటి నెట్‌వర్క్‌లో ముందు స్టేక్ పంపిణీ సంగతి చూడాలి, కోడ్ తర్వాత.

2. ఎవరి చేతిలోనూ పూర్తిగా లేని కీ తయారు చేయడం

ఒక సర్వర్‌లో కీ తయారు చేసి ముక్కలుగా పంచడం తేలిక, కానీ అలా చేయవద్దు. ఆ సర్వర్ ఒక్క క్షణం పూర్తి కీని చూసిందంటే మిగతా శ్రమంతా వృథా. కలిసి కీ తయారు చేసే పద్ధతి ఇలా సాగుతుంది:

ప్రతి వేలిడేటర్ ఒక యాదృచ్ఛిక బహుపదిని ఎంచుకుంటాడు. తెరవడానికి 67 ముక్కలు కావాలంటే బహుపది ఘాతం 66. దాని గుణకాలకు కట్టుబాట్లను (విలువ బయటపెట్టకుండానే తర్వాత సరిచూసుకునే వీలిచ్చే ముద్రలను) చైన్ మీద ప్రకటిస్తాడు. ఇది ఫెల్డ్‌మన్ 1987లో ఇచ్చిన పద్ధతి. తర్వాత ప్రతి ఒక్కరికీ వారి వంతు విలువను వారి పబ్లిక్ కీతో ఎన్‌క్రిప్ట్ చేసి పంపుతాడు. అందుకున్నవారు దాన్ని కట్టుబాట్లతో సరిచూసుకుంటారు. తేడా ఉంటే గడువులోపు చైన్ మీదే ఫిర్యాదు చేస్తారు. ఫిర్యాదు రుజువైనవారి బహుపదిని తీసేసి, మిగిలినవారివి కలిపితే నెట్‌వర్క్ పబ్లిక్ కీ వస్తుంది.

ఈ దశలో ఎక్కువగా తప్పే చోటు ఒకటుంది. ఎవరి బహుపదులు లెక్కలోకి వచ్చాయన్న జాబితా అన్ని నోడ్‌లలోనూ, అంటే నెట్‌వర్క్‌లోని అన్ని యంత్రాల్లోనూ, ఒకటే కావాలి. ఏ నోడ్‌కు ఏ సందేశం అందిందన్న దాన్ని బట్టి జాబితా తయారైతే రెండు గుంపులకు రెండు వేర్వేరు కీలు వస్తాయి. కాబట్టి నిర్ణయం పూర్తిగా చైన్ మీద రికార్డయిన సందేశాల నుంచే రావాలి.

ఎన్‌క్రిప్షన్ లెక్కలకు వాడే బీఎల్ఎస్12-381 వక్రరేఖలో బిందువులు రెండు గ్రూపులు. మొదటి గ్రూపు బిందువు 48 బైట్లు, రెండో గ్రూపు బిందువు 96 బైట్లు. పబ్లిక్ కీని మొదటి గ్రూపులో ప్రకటించండి. ఒక్కొక్కరి ముక్కను సరిచూసే కీలను రెండో గ్రూపులో ప్రకటించండి. ప్రతి వేలిడేటర్ తన ముక్కను ఓటు కీతో కలిపి ఒకే ఫైల్‌లో ఉంచకూడదు. వేరుగా, ఎన్‌క్రిప్ట్ చేసిన బ్యాకప్‌తో దాచాలి.

3. వాలెట్ వైపు పని

వాలెట్ ప్రతి లావాదేవీకీ ఒక కొత్త యాదృచ్ఛిక సంఖ్యను తీసుకుంటుంది. దాన్ని వక్రరేఖ మూల బిందువుతో గుణిస్తే వచ్చే 48 బైట్ల బిందువు కవరు మీద బాహాటంగా ఉంటుంది. అదే సంఖ్యను నెట్‌వర్క్ పబ్లిక్ కీతో గుణిస్తే రహస్య బిందువు వస్తుంది. ఆ బిందువును నేరుగా వాడకుండా హాష్ చేసి (వెనక్కి తీయలేని స్థిర పొడవు విలువగా మార్చి) 32 బైట్ల కీ తీయండి. ఆ కీతో ఏఈఎస్-256-జీసీఎం అనే ప్రామాణిక ఎన్‌క్రిప్షన్ పద్ధతిలో లావాదేవీని మూసేయండి. ఒకే యాదృచ్ఛిక సంఖ్యను రెండుసార్లు వాడితే రెండు కవర్లకూ ఒకటే కీ వస్తుంది. మొదటిది తెరిచిన క్షణమే, ఇంకా వరుసలోకి రాని రెండోది కూడా తెరుచుకున్నట్టే.

ఇక అసలు జాగ్రత్త. దాడి చేసేవాడు మీ కవరులోని సమాచారం చదవలేకపోయినా కవరును కాపీ చేసి తన పేరుతో ముందుగా పంపవచ్చు. అది ముందు తెరుచుకుంటే మీ రహస్యమూ తెరుచుకుంటుంది. దీన్ని ఆపాలంటే యాదృచ్ఛిక సంఖ్య తనకు తెలుసని, దాన్ని బయటపెట్టకుండానే చూపే ష్నార్ రుజువును వాలెట్ జతచేయాలి. ఆ రుజువులో చైన్ గుర్తింపు, పంపినవారి చిరునామా, ఎన్‌క్రిప్ట్ అయిన సమాచారపు హాష్, కీ ఎపాక్ సంఖ్య (ఏ విడత కీతో మూశారో చెప్పేది) కలిసిపోవాలి. రుజువు సరిపడని కవరును నోడ్‌లు మెంపూల్‌లోకే రానివ్వకూడదు. ఈ ఒక్క రుజువు వదిలేస్తే మిగతా ఏర్పాటంతా అలంకారమే.

కవరు మీద బాహాటంగా ఉండక తప్పనివి కొన్ని: రుసుము కట్టేవారి చిరునామా, నాన్స్ (ఆ ఖాతా లావాదేవీల వరుస సంఖ్య), గరిష్ఠ రుసుము, గ్యాస్ పరిమితి (లావాదేవీ అమలుకు పట్టే పని కొలత), కీ ఎపాక్. ఇవి లేకపోతే ఎవరైనా ఉచితంగా చెత్త కవర్లతో బ్లాక్‌లు నింపేస్తారు. రుసుమును వరుసలో చేరినప్పుడే కోయండి. తెరిచాక లోపల చెత్త ఉన్నా తిరిగి ఇవ్వకండి.

అయితే ఇవే కొంత చెప్పేస్తాయి. ఈథీరియం తరహా చైన్‌లో గ్యాస్ పరిమితి 21,000 అని కనిపిస్తే అది మామూలు బదిలీ అని చూసినవారికి ఇట్టే తెలుస్తుంది. కవరు పొడవు కూడా అంతే. పొడవును 256, 512, 1,024, 2,048 బైట్ల మెట్లకు పెంచండి. గ్యాస్‌ను కూడా కొన్ని స్థిరమైన మెట్లకే పరిమితం చేయండి.

చాలామంది మరిచేది మరొకటుంది. ఎన్‌క్రిప్ట్ చేసే ముందు వాలెట్ గ్యాస్ అంచనా కోసం లావాదేవీని పూర్తిగా ఒక ఆర్‌పీసీ సర్వర్‌కు (వాలెట్‌ను చైన్‌తో కలిపే సర్వర్‌కు) పంపుతుంది. సర్వర్ నడిపేవారు అక్కడే చదివేస్తారు. అంచనా వాడేవారి యంత్రంలోనే జరగాలి, లేదా స్థిరమైన మెట్టునే వాడాలి.

4. వరుస ఖాయమయ్యాక తెరవడం

పనంతటికీ గుండెకాయ ఇదే. బ్లాక్ 500ను ఉదాహరణగా తీసుకుంటే:

బ్లాక్ 500లో కవర్లు ఒక వరుసలో చేరి ఖాయమవుతాయి. బ్లాక్ 501 ఓట్లతో పాటు ప్రతి వేలిడేటర్ 500లోని ఒక్కో కవరుకు తన డీక్రిప్షన్ ముక్కను పంపుతాడు. బ్లాక్ 502 కట్టేవాడు ఆ ముక్కలను అందులో చేరుస్తాడు. 500లో ఖాయమైన అదే వరుసలో ఆ లావాదేవీలు 502 మొదట్లోనే అమలవుతాయి. బ్లాక్‌కు 2 సెకన్లయితే అదనపు ఆలస్యం సుమారు 4 సెకన్లు.

"మొదట్లోనే" అన్న మాట ముఖ్యం. 502 కట్టేవాడికి అప్పటికే కవర్లలో ఏముందో తెలుసు. ఎన్‌క్రిప్ట్ కాని మామూలు లావాదేవీలను వాటికంటే ముందు పెట్టనిస్తే శాండ్‌విచ్ మళ్లీ వచ్చినట్టే. ప్రతిపాదనను పరిశీలించే దశలో అన్ని నోడ్‌లూ ఈ వరుసను తనిఖీ చేసి, తప్పితే బ్లాక్‌ను తిరస్కరించాలి.

ముక్కలను 500 ఓట్లతోనే పంపి ఒక బ్లాక్ సమయం మిగుల్చుకోవచ్చు. మెంపూల్ ఎన్‌క్రిప్షన్ కోసం 2022లో వచ్చిన ఫెర్వియో డిజైన్ దారి అదే. తెరవడానికి కావలసిన బలం, బ్లాక్ ఖాయం కావడానికి కావలసిన బలం కచ్చితంగా ఒకటైతేనే ఇది క్షేమం. మొదటి దశలో చెప్పిన సర్దుబాటు వల్ల ముక్కల శాతం కాస్త జారినా, ఖాయం కాని బ్లాక్‌లోని కవర్లు తెరుచుకునే సందు ఏర్పడుతుంది. మొదటిసారి కడుతున్నవారు ఒక బ్లాక్ ఆగడమే మేలు.

వచ్చిన ప్రతి ముక్కనూ పెయిరింగ్ సమీకరణంతో (రెండు గ్రూపుల బిందువులను జతచేసి పోల్చే లెక్కతో) సరిచూడండి. 67లో ఒక్కటి తప్పుడు ముక్క కలిసినా ఫలితం పనికిరాదు, తప్పెవరిదో కూడా తెలియదు. సరైనవి ఏ 67 తీసుకున్నా లగ్రాంజ్ పద్ధతిలో కలిపితే ఒకే రహస్య బిందువు వస్తుంది. అందుకే నోడ్‌లు వేర్వేరు ముక్కలు వాడినా ఫలితం ఒక్కటే. తప్పుడు ముక్క వచ్చిందని ఓటునే పారేయకండి, ముక్కను మాత్రం పక్కన పెట్టండి. ఓట్లు పారేసుకుంటూ పోతే చైన్ ఆగుతుంది.

పరిమాణం లెక్క కూడా వేసుకోవాలి. ఒక కవరుకు 67 ముక్కలు, ఒక్కోటి 48 బైట్లు: 3,216 బైట్లు. బ్లాక్‌కు 500 కవర్లయితే 16 లక్షల బైట్లు దాటుతుంది. ఒకే వేలిడేటర్‌కు ఒకటి కాకుండా పది ముక్కలు దక్కితే, వాటిని ముందే కలిపి పంపే ఏర్పాటు లేకపోతే ఇది అంతకంతా పెరుగుతుంది. అందుకే మొదట బ్లాక్‌కు 50 కవర్లకు మించకుండా పరిమితి పెట్టండి. ఈ భారాన్ని మరో రకంగా తీర్చేవారూ ఉన్నారు. 2024లో గ్నోసిస్ చైన్‌లో మొదలైన షట్టర్ వ్యవస్థలో కీ ముక్కలు వేలిడేటర్లందరి దగ్గరా కాక, కీపర్లనే వేరే బృందం దగ్గర ఉంటాయి. ముక్కల సంఖ్య తగ్గుతుంది, కానీ ఆ చిన్న బృందాన్ని నమ్మక తప్పదు.

5. వేలిడేటర్లు మారినప్పుడు

స్టేక్ వెనక్కి తీసుకుని వెళ్లిపోయినవాడికి పోగొట్టుకునేదేమీ లేదు, పాత ముక్కను అమ్ముకోవచ్చు. అందుకే ప్రతి ఎపాక్‌లో ముక్కలను కొత్తవారికి తిరిగి పంచి, పాతవాటిని చెరిపేయాలి. చెరిపారని బయటివారు రుజువు చేసుకోలేరు. పైగా తిరిగి పంచడంలో పబ్లిక్ కీ మారదు కాబట్టి, పాత ముక్కలు 67 పోగైతే ఇంకా పనిచేస్తాయి. కాబట్టి అప్పుడప్పుడు రెండో దశ మొత్తం మళ్లీ చేసి కొత్త కీకి మారండి. మారే సమయంలో కొద్ది బ్లాకులపాటు పాత, కొత్త ఎపాక్ సంఖ్యలు రెండింటినీ ఒప్పుకోండి. లేకపోతే దారిలో ఉన్న కవర్లన్నీ రద్దవుతాయి.

6. నాలుగు నోడ్‌లతో పరీక్ష

ఒక నోడ్ ఆపండి, కవర్లు తెరుచుకుంటూనే ఉండాలి. రెండు ఆపండి, చైన్ ఆగాలి, మళ్లీ లేపగానే అక్కడి నుంచే సాగాలి. ఒక నోడ్‌తో తప్పుడు ముక్కలు పంపించండి. ఒకరి కవరును మరో ఖాతా నుంచి పంపి, మెంపూల్ దాన్ని తిరస్కరిస్తుందో లేదో చూడండి. లోపల చెత్త ఉన్న కవర్లు వెయ్యి పంపి, రుసుము కోతపడుతుందో చూడండి. చివరగా లాగ్ ఫైళ్లు వెతకండి. డీబగ్ కోసం పెట్టిన ఒక వాక్యం తెరవని లావాదేవీల కీలను, ముక్కలను రాసేస్తుంటే ఎన్‌క్రిప్షన్ ఉన్నా లేనట్టే.

వాడేవారికి ముందే స్పష్టంగా చెప్పాల్సినవీ ఉన్నాయి. 67 మంది చైన్ బయట కుమ్మక్కైతే కవర్లు ముందే చదవగలరు, ఆ పని చైన్ మీద ఏ జాడా వదలదు. జాడ లేని నేరానికి స్టేక్ కోత విధించడం కుదరదు. లావాదేవీ ఏ ఐపీ చిరునామా నుంచి వచ్చిందో ఎన్‌క్రిప్షన్ దాచదు. తెరిచాక మారిన ధరను చూసి వెనకాల లాభం తీసుకునేవారిని కూడా ఇది ఆపదు. వాలెట్‌లో ధర తేడా పరిమితి ఇక ముందూ ఉండాల్సిందే.

అసలు నెట్‌వర్క్‌లోకి తెచ్చేటప్పుడు ఎన్‌క్రిప్షన్‌ను మొదట ఐచ్ఛికంగా ఉంచండి. ప్రతి బ్లాక్‌లో అందిన సరైన ముక్కల సంఖ్యను కనిపెట్టి ఉండండి. 100లో 75కు పడిపోగానే వేలిడేటర్లందరికీ హెచ్చరిక వెళ్లాలి. 67 దాకా ఆగితే అప్పటికే ఆలస్యం.